పెట్టె అడుగున పరదేశి వెండి

(చందాపురలో మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాదినాడు పంచాంగ శ్రవణం వినాలి, కవి సమ్మేళనం వినాలి గాని, నాణేల మీద ఉపన్యాసం ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మాకూ అనిపించినది. కాని మన కార్యదర్శిగారు పోయిన నెలలో మా ఇంటికి వచ్చినప్పుడు మా పూజగదిలో ఒక వెండి బిళ్ళ చూశారు. చూసి, దాని కథ పదిమందికీ చెప్పవలసిందేనని పట్టుబట్టారు. ఆ బిళ్ళను ఇప్పుడు ఈ బల్ల మీద, ఈ వెండి కంచంలో పెట్టాము. ఉపన్యాసం అయిన తరువాత అందరూ చూడవచ్చు. కంచాన్ని కూడా చూడండి. దాని సంగతీ చెప్పవలసి వున్నది.

మాది గోదావరి జిల్లాలో నరసాపురం దగ్గర పల్లె. మా నాయనమ్మకు ఒక భోషాణం ఉండేది. దాని అడుగున ఎర్ర గుడ్డ మూటలో పన్నెండు వెండి బిళ్ళలు దాచుకున్నది. రూపాయి కన్న బాగా పెద్దవి, బరువైనవి. చిన్నప్పుడు వేసవి సెలవులలో వాటిని నేలమీద దొర్లించి ఆడుకున్నాము. ఒకవైపు గుండ్రని చెంపల దొర ఒకడు, రెండోవైపు కిరీటం కింద ఏదో డాలు. దొర బొమ్మ గనుక విక్టోరియా రాణిగారి మామగారో తాతగారో అయివుంటాడని మా పినతండ్రిగారు తేల్చేశారు. ఇక ఎవరూ అడగలేదు.

1988లో మా పెళ్ళి కుదిరినది. పెళ్ళికొడుక్కి వెండి కంచం ఉండాలని మా నాన్నగారి పట్టుదల. చేతిలో డబ్బు లేదు. అప్పుడు నాయనమ్మే మూట విప్పి, "ఇవి తెల్లవాళ్ళ బిళ్ళలురా అబ్బాయ్, ఏ కొట్లోనూ చెల్లవు. కంచమైతే మనవడు రోజూ అన్నమన్నా తింటాడు" అన్నది. పదకొండు ఇచ్చి, పన్నెండోది మాత్రం, "ఇది లక్ష్మీదేవి దగ్గరది, దీన్ని ఇవ్వను" అని కుంకుమ భరిణెలో పెట్టేసుకున్నది. ఒక్కొక్కటి రెండుంపావు తులాలు పైచిలుకు తూగినది. పదకొండూ కలిసి పాతిక తులాలు. కంసాలిగారు నిజాయితీపరులు, తరుగు కూడా తక్కువే తీశారు. మూసలో వేసి కరిగించి కంచం కొట్టి ఇచ్చారు. బల్ల మీద ఉన్న కంచం అదే.

నాయనమ్మ పోయిన తరువాత ఆ ఒక్క బిళ్ళ మా శ్రీమతి పూజపెట్టెలోకి చేరినది. బొమ్మసంద్రలో ఉద్యోగం దొరికి 2006లో మేము చందాపురకు వచ్చినప్పుడు, బియ్యపు డబ్బా, రోలు, దేవుడి పటాలతో పాటు లారీలో అదీ వచ్చినది. అయిదేళ్ళు దానిని ఎవరూ పట్టించుకోలేదు. 2011లో మా అబ్బాయికి బడిలో పాత నాణేల మీద ఏదో వ్రాసుకురమ్మన్నారు. వాడు బిళ్ళ తీసి, కుంకుమ తుడిచి, అక్షరాలు ఒక్కొక్కటీ కూడబలుక్కున్నాడు. "నాన్నా, ఇది విక్టోరియా మామగారు కాదు. కారోలుస్ అని ఉన్నది, పక్కన నాలుగు నిలువు గీతలు, తరువాత దైవకృప అనే లాటిను మాట, 1796" అన్నాడు. వెనకవైపు తిప్పితే "హిస్పాన్" అని, "ఇండ్" అని, "రెక్స్" అని ఉన్నవి. "ఇండ్ అంటే మనమేనా? ఈయన మనకు కూడా రాజా?" అని వాడి ప్రశ్న. మాకు జవాబు తెలియదు.

ఆ ఏడే నగరంలో ఒక నాణేల ప్రదర్శన జరిగితే తీసుకువెళ్ళాము. అక్కడ ఒక వృద్ధుడు, కన్నడిగుడు, భూతద్దం కంటికి ఆనించుకొని రెండు నిమిషాలు చూసి, "ఇది స్పెయిను రాజు నాలుగో కార్లోస్. మెక్సికో టంకశాలలో అచ్చయినది. ఎనిమిది రియాళ్ళ నాణెం. స్పానిష్ డాలరంటే ఇదే" అన్నారు. ఇండ్ అంటే మనం కాదట. కొలంబసు దారితప్పి చేరుకున్న అమెరికా దేశాలనే స్పెయినువారు ఇండీసు అని పిలుచుకున్నారు. ఆయన బిళ్ళ తిరిగి ఇస్తూ, "మీ దగ్గర ఇదొక్కటేనా?" అని అడిగారు.

మేము ఒక్కటే అన్నాము. తక్కినవి కంచమైనవని చెప్పడానికి నోరు రాలేదు.

తిరుగు బస్సులో హోసూరు రోడ్డు పొడుగునా మా మనసు ఆ పదకొండు మీదనే ఉన్నది. వాటి మీద ఏ సంవత్సరాలు ఉన్నవో, ఏ టంకశాల గుర్తులు ఉన్నవో, అన్నిటి మీదా ఆ దొరే ఉన్నాడో, వేరే రాజు ఉన్నాడో చూసినవాడు లేడు. డబ్బు నష్టం సంగతి కాదు. ఈ నాణెం మెక్సికోలో కోట్లకొద్దీ అచ్చయినది, అపురూపమైనదేమీ కాదు. మా బాధ ఏమిటంటే, ఆ బిళ్ళలు మా ఇంటికి ఎట్లా వచ్చినవని నాయనమ్మను ఒక్కసారి కూడా మేము అడగలేదు. ఆమె అత్తవారి వైపు నేత నేయించి రేవుకు బట్ట పంపేవారని మాత్రం ఒక మాట చెవిని పడినది. ఆ మాట చెప్పగలవారు ఇప్పుడు ఎవరూ లేరు. ఇంట్లో మా శ్రీమతి మాత్రం, "పోనిద్దురూ, కంచమన్నా మిగిలింది. కొందరికి అదీ లేదు" అన్నది.

అప్పటినుంచి ఈ యూరపు వెండి నాణేల పిచ్చి పట్టుకున్నది. జీతగాళ్ళం గనుక కొనగలిగినవి తక్కువ, చదివినవే ఎక్కువ. చదివినదానిలో మన తెలుగువారికి సంబంధించినది కొంత చెపుతాము.

మన ఆడవారు మెడలో గొలుసుకు వేలాడే బిళ్ళను ఏమంటారు? డాలరు అంటారు. "గొలుసు బాగుంది గాని డాలరు చిన్నది" అనే మాట మన ఇండ్లలో విననివారు లేరు. మన పిల్లలు పొద్దున లేస్తూనే సెల్‌ఫోనులో రేటు చూసే డాలరు, మన పిన్నిగారి మెడలోని డాలరు ఒకే మాట. ఆ మాట పుట్టినది అమెరికాలో కాదు. నేటి చెక్ దేశంలో, జర్మనీ సరిహద్దు కొండలలో యోఆకిమ్స్‌తాల్ అనే ఊరు ఉన్నది. తాల్ అంటే జర్మను భాషలో లోయ. అక్కడ వెండి గని పడినది. 1520 నాటికి ష్లిక్ అనే ప్రభువుల కుటుంబం ఆ వెండితో పెద్ద పెద్ద నాణేలు కొట్టించినది. ఆ లోయ నాణెం గనుక తాలర్ అన్నారు. హాలెండువారి నోట అది దాల్డర్ అయినది, ఇంగ్లీషువారి నోట డాలర్ అయినది. ఆ గనులనుంచి వచ్చిన ఖనిజంలోనుంచే 1898లో క్యూరీ దంపతులు రేడియం కనుగొన్నారట. అది వేరే కథ.

అంతకుముందు యూరపులో వెండి నాణేలు పలుచగా, మన పాత పది పైసల బిళ్ళంత తేలికగా ఉండేవి. ఈ తాలరు వచ్చిన తరువాత ప్రతి రాజూ అంత లావు నాణెం కొట్టించసాగాడు. అందరికన్న మించినవాడు స్పెయిను రాజు, ఎందుకంటే అతని చేతికి ఒక కొండే దొరికినది. నేటి బొలీవియాలో పొటొసీ అనే చోట 1545లో వెండి కొండ బయటపడినది. చుట్టుపట్ల ఊళ్ళలోని ఆదివాసులను వంతులవారీగా బలవంతాన ఆ గనులలోకి దింపారు. చలి, దుమ్ము, పాదరసపు విషం తగిలి పోయినవారు అసంఖ్యాకులు. నాణెం అందంగా ఉన్నదని మురిసే ముందు ఈ సంగతి తెలుసుకోవడం మంచిదని మా అభిప్రాయం. మెక్సికోలో 1535లోనే టంకశాల పెట్టారు, పొటొసీలో 1570ల్లో పెట్టారు.

తొలి రోజుల రియాళ్ళను చూస్తే మీకు నవ్వు వస్తుంది. వెండి కడ్డీనుంచి ముక్క కోసి, తూకం సరిపోయేదాకా అంచులు కత్తిరించి, సుత్తితో ఒక దెబ్బ కొట్టేవారు. ఒకటి నలుచదరం, ఒకటి చిప్ప ఆకారం, ఒకటి పంటి గాటు పడిన అప్పచ్చిలాగా ఉంటుంది. తూకమే ముఖ్యం, రూపం కాదు. ఇరవైయేడు గ్రాములు, నూటికి తొంభై పాళ్ళు దాటిన వెండి. ఈ నమ్మకం మీదనే ప్రపంచమంతా ఆ నాణేన్ని తీసుకున్నది. ఒకసారి ఆ నమ్మకం చెడినది కూడా. పొటొసీ టంకశాలలో రాగి ఎక్కువ కలుపుతున్నారని 1649లో బయటపడి పెద్ద అల్లరి అయినది. మరుసటి ఏడు అందులో ప్రధానుడైన గోమెజ్ దె లా రోచా అనే ధనికుణ్ణి చంపించారు. దేశదేశాల వర్తకులు పొటొసీ నాణెం చూస్తే మొహం తిప్పుకున్నారు. 1732లో మెక్సికోలో యంత్రం మీద గుండ్రంగా, అంచుకు నగిషీతో కొట్టడం మొదలుపెట్టిన తరువాత ఇక అంచు గీకి దొంగిలించడానికి వీలు లేకపోయినది. ఆ నాణెం మీద రెండు స్తంభాలు, మధ్య రెండు భూగోళాలు, కింద సముద్రపు అలలు. ఆ స్తంభాలను చూసి అరబ్బులు ఫిరంగులనుకొని ఫిరంగి తండ్రి అని పేరు పెట్టారు. వలందావారి సింహం నాణెం మీద సింహాన్ని చూసి కుక్క తండ్రి అన్నారు. ఆ సింహాన్ని మేము బొమ్మలో చూశాము. అరబ్బులను తప్పుపట్టలేము.

ఇక ఈ వెండి మన రేవులకు ఎందుకు వచ్చినది? బట్టకోసం. వలందావారు, అనగా హాలెండు దేశస్థులు, 1606 నాటికి బందరులో కొఠి పెట్టారు. ఇంగ్లీషువారు 1611లో గ్లోబు అనే ఓడలో వచ్చారు. వారికి కావలసినవి తూర్పు దీవులలోని లవంగాలు, జాజికాయలు. ఆ దీవులవారు వెండికన్న మన బట్టనే ఎక్కువ ఇష్టపడేవారు. బందరు అద్దకం, నరసాపురం దగ్గర మాధవాయపాలెం తెల్లబట్ట, పాలకొల్లు, భీమునిపట్నం, కాకినాడ పక్క జగన్నాథపురం రేవుల సరుకు ఉంటేనే అక్కడ మిరియం గింజ పుట్టేది. మాధవాయపాలెం పేరు మీదుగా మడపొలం అనే మాట యూరపు భాషలలో ఒక రకం బట్టకు నిలిచిపోయినది. ఆ ఊరు మా పల్లెకు ఎంతో దూరం లేదు. చిన్నప్పుడు ఆ దారిన ఎన్నిసార్లు నడిచామో. ఒక్కరూ మాకు ఈ మాట చెప్పలేదు.

మరి మనవారికి యూరపునుంచి ఏమి కావాలి? ఏమీ అక్కరలేదు. వారి ఉన్నిబట్ట మన ఎండలో ఎవరు కడతారు? అందుచేత వారు బంగారమూ వెండీ తెచ్చి పోయవలసి వచ్చినది. ఇంగ్లీషు కంపెనీవారు ఆ రోజులలో తూర్పుకు పంపినదానిలో అధిక భాగం ఇటువంటి వెండే. మెక్సికోనుంచి అట్లాంటికు దాటి స్పెయినుకు, అక్కడనుంచి ఆంస్టర్‌డాముకో లండనుకో, ఆఫ్రికా చుట్టి మన రేవుకు. లేదా మెక్సికోనుంచి పసిఫిక్ దాటి మనీలాకు, మనీలానుంచి చెన్నపట్నానికి. ఈ రెండు దారులలో ఏ దారిన మా బిళ్ళ వచ్చినదో మేము ఆలోచిస్తూ ఉంటాము. దానిమీద చిన్న పువ్వు ముద్ర ఒకటి, చీనా లిపిలా కనపడే గాటు ఒకటి ఉన్నవి. షరాబులు నాణేన్ని పరీక్షించి, మంచిదని తేల్చి, తమ గుర్తు కొట్టేవారు. చీనా వర్తకులూ అంతే. ఆ గాటు నిజంగా చీనాదే అయితే, మా బిళ్ళ దక్షిణ చీనా దాకా వెళ్ళి వెనక్కు వచ్చినదేమో.

అంత వెండి వస్తే అది ఏమైనట్లు? ఇక్కడ మీరు ఒక సంగతి గ్రహించాలి. మన వర్తకుడికి ఆ బిళ్ళ నాణెం కాదు, లోహం. గోలకొండ రాజ్యంలో పెద్ద లెక్కలన్నీ బంగారు వరహాలలో. వెండి బిళ్ళ వస్తే షరాబు దానిని తూచి, వన్నె చూసి, వరహాల లెక్క కట్టి తీసుకునేవాడు. 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకున్న తరువాత బందరు టంకశాలలో అతని పేర వెండి రూపాయలు అచ్చయినవి. పరదేశి బిళ్ళకు మొగలు రాజ్యంలో చెలామణీ లేదు. అది మూసలోనుంచి రూపాయిగా పైకి రావలసిందే. తక్కినది కడియాలు, వడ్డాణాలు, పట్టాలు, దేవుడి కవచాలు, గిన్నెలు. రెండు వందల ఏళ్ళపాటు ఓడలకొద్దీ వచ్చిన వెండిలో బిళ్ళగా మిగిలినది ఎంతో కొద్ది. నాయనమ్మ భోషాణం అడుగున మిగిలినవి పన్నెండు. ఆ కొద్దిలోనూ పదకొండింటిని మూసలోకి పంపినది మా పెళ్ళి.

కరిగించకుండానే నాణేన్ని మన నాణెంగా మార్చిన ఉదంతం ఒకటి ఉన్నది. అది వినగానే మాకు ఒళ్ళు గగుర్పొడిచినది. 1808 నుంచి కొన్నేళ్ళు చెన్నపట్నంలో కంపెనీవారు వెండిలో అర వరహా, పావు వరహా కొట్టించారు. వాటికి కావలసిన వెండి స్పానిష్ డాలర్లనుంచి వచ్చినది. ఒకవైపు గాలిగోపురం, దానికి రెండు పక్కలా నక్షత్రాలు. రెండోవైపు విష్ణుమూర్తి, చుట్టూ అరవంలోనూ తెలుగులోనూ అక్షరాలు. ఇంగ్లీషువారు నక్షత్ర వరహా అన్నదానిని మనవారు పూవరహా అన్నారు. నక్షత్రం మనవారి కంటికి పువ్వుగా కనపడినదన్నమాట. అటువంటి నాణేలలో కొన్నింటిని వాలుగా వెలుతురులో పట్టుకుంటే గోపురం సందున, స్వామి వెనుక, పాత స్పెయిను నాణెపు గీతలు ఇంకా మసకగా కనపడతవి. మెక్సికో వెండి, స్పెయిను రాజు, పైన తెలుగు అక్షరం! 1818లో చెన్నపట్నం లెక్కలు వరహానుంచి రూపాయికి మారిపోయినవి. అంతకుముందు నలభైరెండు ఫణాలు ఒక వరహా, ఎనభై కాసులు ఒక ఫణం. ఆ కాసు కాసులపేరులో నిలిచినది, వరహా పద్యాలలో నిలిచినది. దుడ్డు అనే మాట వలందావారి డొయిట్ అనే రాగి నాణెంనుంచి వచ్చినదని కొందరంటారు. వినడానికి తమాషాగా ఉన్నది గాని మాకు నమ్మకం లేదు.

పరదేశి వెండి సముద్రపు ఒడ్డుకే వచ్చినదని, మనం వచ్చి స్థిరపడిన ఈ బెంగుళూరుకు ఏమీ లేదని అనుకోకండి. ఇక్కడి యశ్వంతపురంలో 1891లో భూమిలోనుంచి 163 రోమను వెండి నాణేలు బయటపడినవి. అవి మా డాలరుకన్న పదిహేడు పద్దెనిమిది వందల ఏళ్ళ ముందువి. రాజులు మారినా మిరియానికీ బట్టకూ వెండి పోయడం యూరపువారికి పాత అలవాటే.

ఇక ఈ సరదా పడదలచిన యువకులకు కొన్ని మాటలు. ఇవి మేము దెబ్బలు తిని నేర్చుకున్నవి.

మొదటి దెబ్బ మా చేతులారా కొట్టుకున్నది. నాణెం ప్రదర్శనకు తీసుకువెళ్ళే ముందు రోజు మా శ్రీమతి దానిని చింతపండు, ముగ్గుపిండి వేసి తళతళలాడేటట్లు తోమినది. ఆమెను అనవలసిన పని లేదు, పక్కన నిలబడి నీళ్ళు పోసినది మేమే. ఆ వృద్ధుడు అది చూసి తన బిడ్డకు దెబ్బ తగిలినట్లు బాధపడ్డారు. రెండు వందల ఏళ్ళుగా వెండి మీద పట్టిన నల్లని పొర నాణేనికి చర్మం వంటిది. తోమితే చర్మం ఊడుతుంది, గీతలు పడతవి, షరాబు ముద్రలు అరిగిపోతవి. చింతపండు వద్దు, విభూది వద్దు, నిమ్మ ఉప్పు అసలే వద్దు. కుంకుమ అంటుకుంటే మంచినీళ్ళలో ముంచి మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టండి. మెత్తగా జిడ్డుగా వుండే ప్లాస్టిక్ సంచులలో పెట్టకండి, కొన్నాళ్ళకు పచ్చని జిగురు పడుతుంది. కాగితపు కవరు మేలు.

రెండో దెబ్బ 2013లో. ఒక సంతలో ఒకరు ఇదే కార్లోసు బొమ్మతో నాణెం చూపి, తాత సొత్తని కన్నీళ్ళు పెట్టుకొని అమ్మారు. మేమూ కళ్ళు తుడుచుకొని కొన్నాము. ఇంటికి వచ్చి మా అబ్బాయి అయస్కాంతం దగ్గర పెడితే ఎగిరి అంటుకున్నది! వెండి అయస్కాంతానికి అంటదు. అంటనంత మాత్రాన వెండి అని కూడా కాదు, తూకం చూడాలి. అసలు ఎనిమిది రియాళ్ళు ఇరవైయేడు గ్రాములకు అటూ ఇటూ ఉండాలి. అరుగుదలకు కొద్దిగా తగ్గవచ్చు, ఇరవైరెండో ఇరవైమూడో వస్తే అనుమానించండి. తరువాత దారంతో కట్టి నీళ్ళలో వేలాడదీసి తూచండి. గాలిలో కన్న రెండున్నర గ్రాములు పైచిలుకు తగ్గితే వెండి, అంతకు చాలా ఎక్కువ తగ్గితే వేరే లోహం. ఇది ఆర్కిమీడిసు పరీక్ష, మన పిల్లలు బడిలో చదివినదే. అంచు కూడా చూడండి. దొర బొమ్మ ఉన్న డాలరు అంచున ఒక వలయం, ఒక దీర్ఘచతురస్రం, మళ్ళీ వలయం వరుసగా ఉంటవి. పోత పోసిన దొంగ నాణేనికి అంచున సన్నని అతుకు గీత కనపడుతుంది. ఆ అయస్కాంతపు దొరను మేము పారవేయలేదు. మా ఇంట్లో ఫ్రిజ్ మీద చాకలి పద్దు పట్టుకొని కొలువు చేస్తున్నాడు.

1780 అని వేసి ఉన్న మరియా థెరీసా అనే ఆస్ట్రియా రాణి తాలరు ఎవరి దగ్గరనైనా ఉంటే, అది అంత పాతదని నమ్మేయకండి. రాణి ఆ సంవత్సరమే పోయినది, కాని అరబ్బు దేశాలవారు, అబిసీనియావారు ఆమె మొహం ఉంటేనే పుచ్చుకుంటామన్నారు. దానితో అదే తేదీ వేసి ఎన్నో దేశాలలో అచ్చు కొడుతూనే వచ్చారు. 1940, 41లో యుద్ధంకోసం మన బొంబాయి టంకశాలలోనూ కొట్టారు. అట్లా మీ ఇంటి ఆస్ట్రియా రాణి పుట్టిల్లు బొంబాయి కావచ్చు. వలందావారి డ్యుకటూను అయితే గుర్రపు రౌతు బొమ్మతో ముప్పైరెండు గ్రాములు దాటుతుంది. 1728నుంచి కొన్నింటి మీద వారి కంపెనీ గుర్తు, ఒకదానిలో ఒకటి అల్లుకున్న మూడు అక్షరాలు, కనపడుతుంది. అది చేతికి వస్తే మాకు ఒక కబురు పెట్టండి, సెలవు పెట్టి వస్తాము.

బియ్యాన్ని లాగే రాగి నాణెమని, శ్రీరామ పట్టాభిషేకం వేసిన 1818 కంపెనీ అణా అని చెప్పేవారి మాట వినకండి. కంపెనీవారు అటువంటివి ఎప్పుడూ కొట్టించలేదు. బియ్యం లాగే నాణెం లాగేది మీ జేబును మాత్రమే.

చట్టం సంగతి. వంద ఏళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. ఇంట్లో ఉంచుకోవచ్చు, కాని అనుమతి లేకుండా దేశం దాటించరాదు. అమెరికాలో ఉన్న మనవడికి బహుమానంగా పెట్టెలో పెట్టి పంపుదామనుకునే తాతగారలు జాగ్రత్తపడాలి. పొలం దున్నుతుండగానో పునాది తవ్వుతుండగానో కుండ దొరికితే, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. కుండతో సహా, దొరికిన చోటుతో సహా తెలిస్తేనే అది చరిత్ర. పంచుకొని అమ్ముకుంటే ఉత్త వెండి.

ఇప్పుడు మేము మీ అందరి దగ్గరకు వచ్చిన పని. మనలో చాలామంది ఊళ్ళో ఇళ్ళు అమ్మి, లేదా తాళాలు వేసి ఇక్కడకు వచ్చినవారమే. భోషాణాలు ఫ్లాట్లలో పట్టవు. పాత వెండి తూకానికి ఇచ్చి కొత్త సామాను తీసుకుంటున్నాము, అవసరాలు అటువంటివి. అమ్మవద్దని చెప్పే హక్కు మాకు లేదు, ఈ కంచంలో తిన్నవారం. కాని మూసలోకి పంపేముందు ఒక్కసారి దానిని ఇటు తీసుకురండి. మేము చిన్న త్రాసు, భూతద్దం, ఒక నోటుపుస్తకం పెట్టుకుంటాము. ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం ఆనేకల్ రోడ్డు మీది మా ఇంటి వసారాలో కూర్చుంటాము. నాణేన్ని తూచి, అక్షరాలు చదివి, ఫొటో తీసి, దాని కింద నాలుగు మాటలు వ్రాస్తాము: ఏ ఊరునుంచి వచ్చినది, ఎవరి పెట్టెలోది, ఇంట్లో దానిని ఏమని పిలిచేవారు, దాని గురించి పెద్దలు ఏమి చెప్పారు. నాణెం మీ దగ్గరే ఉంటుంది. మాకు రుసుము లేదు, కాఫీ ఉన్నది. అమ్మమ్మ, నాయనమ్మ, తాతగారు ఇంకా ఉన్న అదృష్టవంతులు ముందుగా వారిని అడిగి ఆ మాటలు కాగితం మీద వ్రాసుకొని రండి. నాణెం ఆగుతుంది, పెద్దలు ఆగరు.

ఇప్పటికి నోటుపుస్తకంలో ఏడు నాణేలు ఎక్కినవి. అందులో ఒకటి పక్క వీధిలోని కన్నడ కుటుంబానిది. వారి అవ్వగారు ఆనేకల్ వైపునుంచి తెచ్చుకున్నారట. ఆ ఇంట్లో దానిని దొర బిళ్ళ అంటారు. మా నాయనమ్మ తెల్లవాళ్ళ బిళ్ళ అన్నది.

బల్ల దగ్గరకు వరుసగా రండి. పిల్లలు ముందు. నాణేన్ని అంచు పట్టుకొని చూడండి, ముఖం మీద వేలు పెట్టకండి. పచ్చడి చేతులవారు కొళాయి దగ్గరకు వెళ్ళి రండి, మేము ఇక్కడే ఉంటాము.